'ఊరెళ్ళిపోతా'నని ఎవరనగలరు? - చౌరస్తా పాటల మీద కొన్ని ఆలోచనలు

తెలుగులో పాట గురించి మాట్లాడుకుంటే మనకు రెండే రకాలు గుర్తొస్తాయి. ఒకటి సినిమా పాట, రెండోది ఉద్యమ పాట. ఈ రెండింటికీ చెందకుండా, నలుగురు కుర్రాళ్ళు కలిసి సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని, గిటార్లు పట్టుకుని పాడే పాటను ఎలా చదవాలో మన విమర్శ ఇంకా నేర్చుకోలేదు. అది కాలేజీ పిల్లల కాలక్షేపమని వదిలేస్తున్నాం. అయితే మన విద్యార్థినులు చెవుల్లో పెట్టుకుని తిరిగేది ఈ పాటలే. వాళ్ళ ఊహల్లోకి ఏ ఊరు, ఏ స్వేచ్ఛ, ఏ మగవాడు వస్తున్నాడో తెలుసుకోవాలంటే మనమూ వినక తప్పదు.

నేను వికారాబాదులో ఉంటాను, తాండూరులో తెలుగు చెబుతాను. రెండూళ్ళ మధ్య రోజూ రైలు. ఈ లైను 1874లో నిజాం కాలంలో వాడి నుంచి సికింద్రాబాదుకు వేసింది. పొద్దుటి బండిలో హైదరాబాదుకు చదువులకూ, ఉద్యోగాలకూ వెళ్ళే ఆడపిల్లలు చాలామంది కనిపిస్తారు. వాళ్ళ ఫోన్లలోనే నేను మొదటిసారి 'చౌరస్తా' బృందం పాట విన్నాను. 2010ల చివరి ఏళ్ళలో 'ఊరెళ్ళిపోతా మామా' అనే పాటతో ఈ బృందం పేరు తెలుగునాట మారుమోగింది. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు చేతులు కలపొద్దని చెబుతూ చేసిన పాట ఇంటింటికీ చేరింది. బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల వైపు వెళ్ళాడు. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాట, 2022లో 'డీజే టిల్లు'లో టిల్లు పాట ఆయన గొంతులోవే. సినిమా బయట పుట్టిన గొంతును చివరికి సినిమాయే తీసుకుపోవడం మన దగ్గర కొత్త సంగతి కాదు. నా ఆసక్తి మాత్రం సినిమాకు ముందటి పాటల మీద.

ముందుగా సంగీతం సంగతి. చౌరస్తా పాట మొదలవగానే ఎవరికైనా బాబ్ మార్లీ గుర్తొస్తాడు. గిటారు తాళం పడేచోట పలకదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో 'చక్' మని పలికి ఆగిపోతుంది. కింద బేస్ గిటారు నింపాదిగా నడుస్తుంది. ఇది రెగ్గే పద్ధతి. 1960ల చివర జమైకాలో పుట్టింది. అక్కడి మెంటో అనే పల్లె పాట, అమెరికా రేడియో నుంచి గాలిలో వచ్చిన నల్లవాళ్ళ సంగీతం, వాటి నుంచి స్కా, దాని నుంచి రాక్‌స్టెడీ, చివరికి రెగ్గే. మార్లీ బృందంలో కార్ల్‌టన్ బారెట్ డ్రమ్ము మీద వాయించిన 'వన్ డ్రాప్' అనే నడకలో మొదటి దెబ్బ అసలు వేయరు. మనం ఎదురుచూసే చోట ఖాళీ, ఎదురుచూడని చోట దెబ్బ. మన సంగీతంలో తాళం వేశాక పాట అందుకునే అనాగత ఎడుపు దీనికి కొంచెం దగ్గర. బానిసలుగా తెచ్చిన మనుషుల వారసులు, బలవంతపు పనిలో యజమాని లెక్కపెట్టే తాళానికి లొంగకుండా తమ అడుగు తాము వేసుకోవడం ఆ ఖాళీలో నాకు వినిపిస్తుంది. 2018లో యునెస్కో రెగ్గేను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ నడక మీద చౌరస్తా కుర్రాళ్ళు తెలుగు పల్లె మాటను పెట్టారు. ఒకడు అడగడం, ఇంకొకడు బదులివ్వడం, అందరూ కలిసి అందుకోవడం అనే మన జానపద పద్ధతిని పెట్టారు. ఇది అతుకులా కాక సహజంగా అమరింది. దానికి కారణం ఉంది. తెలుగు మాట మొదటి అక్షరం మీద గట్టిగా పడి చివర మెత్తబడుతుంది. ఆ మెత్తబడిన చోట గిటారు పలికితే మాటకు ఊపిరి వచ్చినట్టుంటుంది. ఇంగ్లీషు రాక్ బాణీలో తెలుగు మాటలు ఇరికించి పాడే బృందాల దగ్గర మాట నలిగిపోవడం మనం విన్నాం. వీళ్ళ దగ్గర మాట నలగలేదు. దేశంలో ఈ దారి వేసినవాళ్ళు ముందే ఉన్నారు. 1975 ప్రాంతంలో కలకత్తాలో మొహీనేర్ ఘోరాగులి బావుల్ పాటనూ గిటారునూ కలిపింది. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్ నర్మద మీద 'మా రేవా' పాడింది. తెలుగులో ఆ పని ఆలస్యంగానైనా, ఇంపుగా చేసినవాళ్ళలో చౌరస్తా ఒకటి. ఇంతవరకూ నాకు మెచ్చుకోలే తప్ప ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు పాట చెప్పే విషయం దగ్గర మొదలవుతుంది. పట్నంతో విసిగిపోయిన ఒకడు ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగి వెళ్ళిపోతానంటాడు. తోటివాడు, ఏ ఊరికెళ్తావు, అక్కడ ఏం మిగిలిందని వెళ్తావు అని అడుగుతాడు. ఊరు మాయమైపోయిందన్న దుఃఖం, అది మాయం కావడంలో మన పాలెంతన్న నిలదీత పాటలో ఉన్నాయి. ఊరు గురించిన ఉత్త పలవరింత కాదిది. పలవరింతను పక్కనే కూర్చున్న స్నేహితుడు ఆపి ప్రశ్నిస్తాడు. అందుకే ఇది మామూలు పల్లె పాటల కంటే ఒక మెట్టు పైన ఉంది. అయితే అడిగేవాడూ చెప్పేవాడూ ఇద్దరూ మగవాళ్ళే. పాటంతా వెతికినా ఊరికి వెళ్ళాలా వద్దా అని ఆలోచించే ఆడమనిషి కనిపించదు.

'మామా' అన్న పిలుపు చూడండి. మన ఆడవాళ్ళ పాటల్లో మామ అంటే మేనమామ, మేనరికపు మొగుడు, లేదా అత్తగారింటి పెద్ద. ఆ పిలుపులో సరసముంది, భయముంది, బంధుత్వపు లెక్కా ఉంది. హైదరాబాదు కాలేజీల భాషలోకి వచ్చేసరికి అది మగ స్నేహితుల మధ్య పిలుపైంది. చాయ్ బండి దగ్గర ఒకడి భుజం మీద ఇంకొకడు చెయ్యివేసి అనే మాట. బంధుత్వం పోయి స్నేహం వచ్చింది, మంచిదే. కానీ ఆ స్నేహంలో ఆడపిల్లకు చోటు లేదు. ఆమె ఎవరినీ 'మామా' అని పిలిచి తన విసుగు చెప్పుకోలేదు.

బృందం పేరు కూడా అలాంటిదే. చౌరస్తా అన్నది మన వాడుకలోకి వచ్చి కుదురుకున్న చక్కటి దక్కనీ మాట. నాలుగు దారులు కలిసేచోటు. నాలుగు సంగీతాలు కలిసేచోటు అన్న అర్థంలో ఆ పేరు ఎంత అందంగా ఉందో! కాని వికారాబాదు చౌరస్తాలోనో, తాండూరు చౌరస్తాలోనో సాయంత్రం ఆరింటికి ఒకసారి చూడండి. కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, బండి ఆపుకుని ముచ్చట పెట్టుకునేవాళ్ళు అందరూ మగవాళ్ళు. ఆడవాళ్ళు చౌరస్తాను దాటిపోతారు, అక్కడ ఆగరు. సంచీతోనో, చంటిబిడ్డతోనో, పని ఉన్నట్టు కనబడుతూ దాటిపోతారు. ఊరికే నిలబడే హక్కు గురించి ముంబయి మీద పరిశోధించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' రాశారు. ఆ పుస్తకం చదువుతుంటే నా కళ్ళ ముందు మా ఊరి చౌరస్తాయే ఉంది.

ఈ పాటను ఒకరోజు క్లాసులో వినిపించాను. జానపద గేయాల పాఠం నడుస్తోంది. వినగానే పిల్లలందరూ తాళం వేశారు. తర్వాత ఒకమ్మాయి అంది: "మేడం, ఆయన ఎర్రబస్సెక్కి పోతనంటున్నడు. మేం అట్ల చెప్పకుండ పోతే, ఎందుకొచ్చినవ్, ఏమైంది అని వాకిట్లనే అడుగుతరు." హాస్టల్లో ఉండే ఇంకొకమ్మాయి నవ్వుతూ, "ఊర్ల ఏమున్నదని పోవాలె మేడం? పోతే పెండ్లి చేస్తరు" అంది. గమనించారా? ఊర్లో ఏముందన్న ప్రశ్న పాటలో స్నేహితుడు అడిగిందే. అతని నోట అది పోగొట్టుకున్న ఊరి గురించిన దుఃఖం. ఈ పిల్ల నోట అదే ప్రశ్న, తప్పించుకున్న ఊరి గురించిన ఊరట. ఒకే మాట రెండు గొంతుల్లో రెండు అర్థాలైంది. పాట కట్టిన కుర్రాళ్ళకు ఈ రెండో అర్థం తట్టలేదు.

ఆడవాళ్ళకు ఊరు ఒకటి కాదు, రెండు. తల్లిగారూరు, అత్తగారూరు. ఒకటి పుట్టి వదలాల్సింది, ఇంకొకటి వదలకూడనిది. తిరిగి వెళ్ళడం గురించి మన దగ్గర పాటలు లేవా అంటే, బోలెడున్నాయి. అందరికీ తెలిసిన 'కలవారి కోడలు' పాట తీసుకోండి. కోడలు పప్పు కడుగుతుంటే అన్న తీసుకుపోవడానికి వస్తాడు. ఆమె అత్తనడుగుతుంది, అత్త మామనడగమంటుంది. మామ బావనడగమంటాడు, బావ తోడికోడలినడగమంటాడు, చివరికి భర్త దాకా వస్తుంది. ఒక్క ప్రయాణానికి ఇంటిల్లిపాదీ అనుమతి కావాలి. ఆ పాట నడక కూడా అలాగే ఉంటుంది. ప్రతి చరణం ఒక గుమ్మం దగ్గర ఆగి, అదే ప్రశ్న మళ్ళీ వేసి, జవాబు దొరక్క పక్క గుమ్మానికి వెళ్తుంది. పునరుక్తి అక్కడ అలంకారం కాదు, కోడలి పరిస్థితే అది.

చౌరస్తా పాటను ఈ పాట పక్కన పెట్టి వినండి. రెండింటిలోనూ ప్రశ్నా జవాబూ ఉన్నాయి. రెండింటిలోనూ ఊరికి పోవాలన్న కోరిక ఉంది. కోడలి పాటలో ఊరుంది, పోయే అధికారం లేదు. చౌరస్తా పాటలో పోయే అధికారముంది, ఊరు లేదు. ఎవరి దుఃఖం పెద్దదని నేను తూకం వేయడం లేదు. అయితే ఒకరి దుఃఖం 'తరం గొంతు' అనిపించుకుని లక్షల చెవులకు చేరి, ఇంకొకరిది పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పాడే 'స్త్రీల పాట'గా పాఠ్యపుస్తకంలో మిగిలిపోవడం ఎందుకని అడుగుతున్నాను.

ఊరు అందరికీ ఒకటి కాదన్న సంగతి మా ప్రాంతమే సాహిత్యానికి నేర్పింది. గోగు శ్యామల తాండూరు దగ్గరి పెద్దేముల్‌లో పుట్టిన రచయిత్రి. ఆమె కథలు 2012లో ఇంగ్లీషులోకి వెళ్ళి దేశమంతా చదివింది. ఆ కథల్లో చెరువుంది, పొలముంది, చెట్టుంది, అన్నీ ప్రేమగానే ఉన్నాయి. వాటితోపాటు ఊరికీ వాడకూ మధ్య గీత ఉంది, జోగినిగా మార్చబోతే పారిపోవాల్సిన పిల్ల ఉంది, తన భూమి తనకిమ్మని అడిగే బైండ్ల స్త్రీ ఉంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ నిలయమన్నాడు. ఆ మాట గుర్తున్నవాళ్ళు 'ఊరెళ్ళిపోతా' అన్న మాటను అంత తేలిగ్గా పాడలేరు. వాడ నుంచి వచ్చిన అమ్మాయికి పట్నపు ఇరుకు గది కూడా కొంత విడుదలే. శ్యామల ఊరిని ద్వేషించలేదు, దానికి దండం పెట్టనూ లేదు. మన కొత్త పాటకు ఈ చూపు కావాలి.

ప్రభావాల సంగతికి మళ్ళీ వస్తాను. చౌరస్తా మార్లీ దగ్గర నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. కానీ మార్లీ వెనక నిలబడ్డ ముగ్గురు స్త్రీలను మరిచిపోయింది. రీటా మార్లీ, మార్షా గ్రిఫిత్స్, జూడీ మోవట్ 1974 నుంచి 'ఐ త్రీస్' పేరుతో మార్లీకి వంతపాడారు. మార్షా గ్రిఫిత్స్ అంతకుముందే పేరున్న గాయని. జూడీ మోవట్ 1980 ప్రాంతంలో 'బ్లాక్ వుమన్' పేరుతో సొంత ఆల్బమ్ తెచ్చింది. మార్లీ పాటలో ఆ ముగ్గురి గొంతులు తీసేసి ఊహించండి. సగం పాట కూలిపోతుంది. జమైకాలోనూ స్త్రీలు వెనక వరుసలోనే ఉన్నారు, కాని వినబడ్డారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ వెనక వరుస కూడా కుర్రాళ్ళతో నిండిపోయింది. నేను చూసిన చౌరస్తా వీడియోల్లో ముందు నిలబడి పాడేవాళ్ళూ, వెనక అందుకునేవాళ్ళూ మగవాళ్ళే. వంతపాట కూడా మనకు దక్కలేదు!

తమిళనాడులో 2017లో మొదలైన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' సంగతి చూస్తే, గానా పాటనూ, ర్యాప్‌నూ, రాక్‌నూ కలిపి కులం మీద సూటిగా పాడింది. పందొమ్మిది మంది కళాకారుల్లో స్త్రీ ఒక్కరే, ఇసైవాణి. మగవాళ్ళ సొత్తనుకున్న గానాను ఆమె వేదిక మీద పాడింది. 2020లో బీబీసీ వందమంది స్త్రీల జాబితాలో చేరింది. ఒక్కరు చాలరు, కాని ఆ ఒక్కరు వచ్చేసరికి పాట దిశే మారింది.

మనకు అలాంటి గొంతులు లేక కాదు. చిందు ఎల్లమ్మ భాగవతంలో మగ వేషాలూ ఆడ వేషాలూ వేసి 2005లో కన్నుమూసే దాకా కళను మోసింది. విమలక్క గజ్జెకట్టి వేలమంది ముందు పాడింది. భువనగిరి బెల్లి లలిత తెలంగాణ కోసం, కూలి జనం కోసం పాడి 1999 మేలో దారుణంగా హత్యకు గురైంది. ఆడమనిషి చౌరస్తాలో నిలబడి పాడితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. అందుకే 'ఇండీ', అంటే స్వతంత్ర సంగీతం అన్న మాట వినగానే నాకొక సందేహం వస్తుంది. ఎవరి నుంచి స్వతంత్రం? సినిమా నిర్మాత నుంచీ, ఆడియో కంపెనీ నుంచీ అయితే సరే. ఇంట్లో తండ్రి నుంచి, అన్న నుంచి, చీకటి పడ్డాక బయటి నుంచి వచ్చే భయం నుంచి కూడానా? బృందంగా పాడాలంటే నలుగురు ఒకచోట కూడాలి, రాత్రిళ్ళు సాధన చెయ్యాలి, వాద్యాలు కొనాలి, ఊళ్ళు తిరగాలి. నా విద్యార్థినుల్లో ఒకమ్మాయి గొంతు వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఫోన్లో తీసిన రెండు నిమిషాల పాట పదిమందికీ పంపిందని ఇంట్లో గొడవై, ఆమె పాడటం మానేసింది. ఇండీ సంగీత చరిత్రలో ఆమె పేరెక్కడా ఉండదు. ఆ చరిత్రలో అడుగుపెట్టకముందే ఆగిపోయింది కనుక.

రెగ్గేలో ఉన్న ఆ ఖాళీ గురించి ఇంకొంచెం చెప్పాలి. మా ప్రాంతం మెట్ట. కంది, జొన్న, పత్తి పండే నేల. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందిచేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు పాడే పాటల్లో ఒకామె ఒక మాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. చెయ్యి మొక్క మీదికి వెళ్ళినప్పుడు మాట, చెయ్యి వెనక్కి వచ్చినప్పుడు ఊపిరి. ఇసుర్రాయి పాటల్లోనూ అంతే. తిప్పే చెయ్యి దూరంగా పోయి తిరిగి ఒంటి దగ్గరికి వచ్చే లోపల పాటలో ఒక ఖాళీ ఉంటుంది. తాండూరు నుంచి పడమటికి రైలెక్కితే వాడి మీదుగా గుల్బర్గా. ఇంకా ముందుకు పోతే బీజాపూరు. ఆ సూఫీలు దక్కనీలో 'చక్కీనామా'లని విసుర్రాయి పాటలు కట్టారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1970లలో వాటి మీద రాశాడు. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, ఆడవాళ్ళ పనిలోనే దైవస్మరణ పెట్టిన పాటలవి. కట్టింది మగ సూఫీలే అయినా నడక మాత్రం ఆడవాళ్ళ చేతిది. ఆ నడక లేకుండా పాట లేదు.

శ్రమ చేసే ఒంటి నుంచి పుట్టిన ఖాళీ జమైకా నుంచి గిటారు మీద మన దగ్గరికి వచ్చింది. అదే ఖాళీ మా కందిచేలో, మా ఇసుర్రాయి దగ్గర ముందునుంచీ ఉంది. చౌరస్తా కుర్రాళ్ళ బాణీ మనకు ఇంత సహజంగా తోచడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అంటే వాళ్ళ సంగీతానికి మార్లీతోపాటు పేరులేని ఒక ఆడ గురువు ఉంది. మార్లీ పేరు అందరూ చెబుతారు. ఆమెను 'జానపదం' అంటారు. 'సేకరణ' అని ఒక మగ పేరు కింద ఆమె పాట అచ్చవుతుంది, రికార్డవుతుంది, సినిమాకెక్కుతుంది. డబ్బూ పేరూ వచ్చే చోట ఆమె అజ్ఞాత.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. పాటలోని ఎర్రబస్సు ఇప్పుడు ఆడవాళ్ళతో కిటకిటలాడుతోంది. తల్లిగారింటికి, ఆసుపత్రికి, అంగడికి, కోర్టుకు, కొందరు ఎక్కడికీ కాక ఊరికే అనంతగిరి చూసి రావడానికి. మగవాళ్ళు దీన్ని గురించి వేసే జోకులు మీకూ తెలుసు. పని లేకుండా ఆడమనిషి బస్సెక్కడమేమిటన్నదే ఆ జోకులన్నిటి సారం. పని లేకుండా బస్సెక్కిన ఆడమనిషి మీద ఒక పాట రావాలి. రెగ్గేలో అయినా సరే, కోలాటం నడకలో అయినా సరే. 'మామా' అని కాక 'అక్కా' అని, 'చెల్లే' అని ఆమె ఎవరినైనా పిలవాలి. ఊరికి పోతానో పోనో తనే చెప్పాలి.

ఆ పాట చౌరస్తా వాళ్ళు రాయాలని నేననను. వాళ్ళు తమకు తెలిసింది నిజాయితీగా పాడారు. కాని ఆ పాట వచ్చేలోగా మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం సాయుధ పోరాట స్త్రీల మాటలను వాళ్ళ పేర్లతో, వాళ్ళ నోటితో రికార్డు చేసింది. అదే పద్ధతిలో పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ చేలల్లో, తాండూరు బండల పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళ పాటలను తెలుగులో, దక్కనీలో, కన్నడంలో పాడినావిడ పేరుతో సహా మనం రాసిపెట్టుకోవాలి. నా ఎం.ఏ. విద్యార్థినులతో ఈ వేసవిలో మొదలుపెడుతున్నాను. పాట మానేసిన ఆ అమ్మాయిని కూడా అడిగాను. పాడటానికి కాదు మేడం, రాసుకోవడానికైతే వస్తానంది. ముందు రానీ.